చీటీ రెండో ముక్క

రెండో బూటు తొడిగేలోపు మొదటి బూటు విప్పేసుకోవడం బుడంకాయకి అలవాటు. రోజూ పొద్దున్నే ఈ తంతు జరిగేది. తల్లి కుడికాలికి తొడిగి ఎడమకాలి బూటు కోసం అటు తిరిగేసరికి కుడికాలిది సోఫా కిందకి పోయేది. ఇంకో తల్లి అయితే నవ్వేది, లేకపోతే ఒక్కటి అంటించేది, ఇంకా చెప్పాలంటే ముందు నవ్వి తర్వాత అంటించేది. ఈ తల్లి ఏదీ చేసేది కాదు. వంగి బూటు తీసి మళ్ళీ తొడిగేది. మళ్ళీ విప్పితే మళ్ళీ తొడిగేది. నీ ఓర్పులో పదోవంతు నాకుంటే మా ఇంట్లో ముగ్గురూ ఈపాటికి మనుషులయ్యేవాళ్ళని పక్కింటావిడ ఒకసారి పైకే అనేసింది. అది ఓర్పు కాదని తల్లికి తెలుసు. కోపం రావాలన్నా లోపల కాస్త ఏదో కదలాలి కదా.

చాలాసేపు కాళ్ళు మడుచుకుని కూర్చుంటే తిమ్మిరెక్కుతుంది చూడండి, చేత్తో తడిమితే గానీ అది మన కాలేనని తెలీదు. ఆమెకి లోపలంతా అలా ఉండేది. పోనీ ఏదైనా జరిగిందా అంటే ఏమీ జరగలేదు. ఎవరూ పోలేదు. మొగుడు మంచివాడు. లిఫ్టులు బాగుచేసే పని. రోజంతా పైకీ కిందకీ తిరిగి ఇంటికొచ్చి, ఇవాళ జీవితంలో ఎంత పైకెళ్ళానో తెలుసా అని రోజూ అదే జోకు వేసేవాడు. డాక్టరమ్మ నిద్రకి బిళ్ళలిచ్చింది. నిద్ర పట్టింది, మిగతాది అలాగే ఉంది. చెప్పుకోవడానికి ఒక మంచి కారణమైనా లేకపోవడం ఆమెకి పెద్ద ఇబ్బందిగా ఉండేది. కారణం లేని బాధని జనం వినరు. బాధే లేని బాధ అయితే ఇక చెప్పేదేముంది.

బిడ్డ ఏడిస్తే పేగు కదులుతుందంటారు. కడుపు తరుక్కుపోతుందంటారు. ఆమె ఈ మాటలు చిన్నప్పట్నించీ వింటూనే ఉంది. బుడంకాయ ఏడిస్తే లేచి వెళ్ళి ఎత్తుకునేది, ముక్కు తుడిచేది, వీపు నిమిరేది. పేగులు మాత్రం ఎక్కడివక్కడే ఉండేవి.

ఆకురాలు కాలం మొదలైంది. పగలు పిల్లల్ని చూసుకునే ఆవిడ ఇల్లు రెండు వీధుల అవతలే, కానీ బుడంకాయతో నడిస్తే అది పొరుగూరంత దూరం. దారి పొడుగునా చెట్లు, చెట్ల కింద ఆకులు. బుడంకాయ పసుపువీ ఎర్రవీ నిగనిగలాడేవి వదిలేసి, తడిసి ముద్దయినదో, సగం చిరిగినదో, ఎవరో తొక్కినదో వెతికి వెతికి ఏరుకునేది. దానికేం నచ్చేదో దానికే తెలియాలి. ఏరుకున్నది తన జేబులో పెట్టుకునేది కాదు. తల్లి కోటు జేబులో, మోచేతిదాకా చెయ్యి దూర్చి, అడుగున పెట్టేది. పెట్టి జేబు మీద అరచేత్తో రెండుసార్లు తట్టేది, పాప నిద్రపోయింది అన్నట్టు. తర్వాతే ముందుకి నడిచేది.

సాయంత్రం ఇంటికొచ్చి కోటు తగిలించే ముందు ఆమె జేబు తిరగేసి చెత్తబుట్టలో దులిపేసేది. ఆకుల వైపు చూసేది కూడా కాదు. పని నేర్పిన అలవాటు అది.

ఆమె పని బట్టలుతికే షాపులో. మామూలు బట్టలు కాదు, కోట్లు, సూట్లు, ఇంట్లో ఉతికితే పాడయ్యేవి. వచ్చిన ప్రతి కోటూ ముందు ఆమె చేతిలో పడుతుంది. మరకలు చూడాలి, బొత్తాలు చూడాలి, అన్నిటికంటే ముందు జేబులు చూడాలి. ఎవరో మర్చిపోయిన పెన్ను ఒకటి యంత్రంలో పడి పదహారు కోట్లకి నీలం రంగు పూసిందట, ఆమె చేరకముందు. అప్పట్నించీ ఓనరు ఒక నియమం పెట్టాడు. జేబులో దొరికింది ఏదైనా సరే, తాళమైనా, నలిగిన బస్సు టికెట్టైనా, చిన్న కాగితం కవర్లో వేసి కోటుతోపాటే తిరిగి ఇచ్చెయ్యాలి. ఎంత చెత్తయినా మన చెత్త కాదు అనేవాడు. ఆ పనిలో ఆమె చెయ్యి ఎంత చురుకంటే, ఇస్త్రీ దగ్గరుండే పెద్దావిడ ఆమెకి జేబులమ్మ అని పేరు పెట్టేసింది. ఆ పేరే నిలిచిపోయింది. ఇస్త్రీ అక్క నోటికి తాళం ఉండదు. ఆవిరి పొగలో కనపడకపోయినా వినపడుతూనే ఉండేది.

జేబుల తర్వాత చీటీ. మధ్యలో చుక్కలుగా చిల్లులున్న చీటీ, రెండు ముక్కల మీదా ఒకే నంబరు. ఒక ముక్క పిన్నీసుతో కోటు మెడ దగ్గర గుచ్చి, రెండో ముక్క చింపి తెచ్చినవాళ్ళ చేతిలో పెడుతుంది. రెండో ముక్క ఎవరు తెస్తే కోటు వాళ్ళది. షాపు మొత్తం ఆ ఒక్క ముక్క మీద నడుస్తుంది. చలి తగలగానే జనానికి కోట్లు గుర్తొస్తాయి కాబట్టి ఈ కాలంలో ఊపిరాడని పని. ఎండలు రాకముందు ఇచ్చి మర్చిపోయిన కోట్లన్నీ వెనక గదిలో కమ్మీకి వేలాడుతూ ఉండేవి, పిలుపు కోసం.

ఆ రోజుల్లోనే మొగుడి అక్క చూసిపోదామని వచ్చింది. బస్సులో ఒక పూట ప్రయాణం ఆవిడ ఊరు. పిల్లలు చదువులకి వెళ్ళిపోయి ఇల్లు ఖాళీ అయ్యాక, ఎవరింటికెళ్ళినా ఏదో ఒకటి తుడవడమో కుట్టడమో చేస్తే గానీ కూర్చోలేదు. మనసు మాత్రం వెన్న. బుడంకాయని చూస్తే ఆవిడ ముఖం చాటంత అయ్యేది.

రెండో రోజు సాయంత్రం బుడంకాయ మెట్టు మీద నుంచి ముందుకి పడింది. పెదవి చిట్లి రక్తం వచ్చింది. తల్లి పరుగెత్తలేదు గానీ ఆలస్యమూ చెయ్యలేదు. ఎత్తింది, చల్లని నీళ్ళతో తుడిచింది, పళ్ళు కదిలాయేమో చూసింది, శుభ్రమైన గుడ్డ అదిమి పట్టుకుంది. ఒక్క తప్పు లేదు. బుడంకాయ ఏడుస్తూ ఏడుస్తూ తల్లి ముఖంలోకి చూసింది. కాసేపు చూసింది. తర్వాత ఒళ్ళోంచి జారి, గుడ్డ పట్టుకునే వెళ్ళి, మేనత్త కాళ్ళని కావలించుకుంది.

మేనత్త అది చూసింది. తల్లి కూడా చూసింది. కడుపు తరుక్కుపోవాలి. తరుక్కుపోలేదు. అమ్మయ్య, దీనికో చోటు దొరికింది అనిపించింది, అంతే.

ఆ రాత్రి వంటింట్లో గిన్నెలు తుడుస్తూ వదిన మెల్లిగా మాట కదిపింది. తప్పుపట్టడానికి కాదని ముందే చెప్పింది. చంటిపిల్లల్ని పెంచుతూ తనూ ఒకప్పుడు చాలా అలిసిపోయానంది. ఈ చలికాలం బుడంకాయని తన దగ్గర ఉంచమంది. ఇల్లు ఖాళీగానే ఉంది, తోట ఉంది, నువ్వు కాస్త కోలుకో అంది. బలవంతమేం లేదని ఆవిడ అంటుండగానే ఆమె సరే వదినా అనేసింది. వదిన చేతిలో గిన్నె ఆగిపోయింది. అడిగినావిడే, ఆమె అంత తొందరగా సరే అంటుందనుకోలేదు.

ఆ రాత్రి లిఫ్టాయన జోకు వెయ్యలేదు. మంచం మీద కూర్చుని చాలాసేపు సాక్సు విప్పుకున్నాడు. చివరికి ఒక్కటే అడిగాడు.

"మళ్ళీ ఎప్పుడు తెచ్చుకుందాం?"

"నాకు బెంగ పుట్టినప్పుడు," అంది ఆమె. "బెంగ పుట్టగానే నేనే వెళ్ళి తెస్తాను."

న్యాయమైన మాటే అనిపించింది ఇద్దరికీ. ప్రేమ ఉన్నచోట పిల్ల ఉండాలి, లేనిచోట ఎందుకు. తను ఇచ్చిన మాటలో ఒక గొయ్యి ఉందని ఆమెకి దీపం ఆర్పాక తెలిసింది. బెంగ పుట్టకపోతే? అప్పుడు బుడంకాయ ఇక ఎప్పటికీ అక్కడే. దానికైనా భయం వేస్తుందేమోనని చీకట్లో కాసేపు చూసింది. వెయ్యలేదు.

బుడంకాయకి కిందటేడు కొన్న కోటు ఒకటుంది, ఇటిక రంగుది, పెరుగుతుందిలెమ్మని రెండు సైజులు పెద్దది కొన్నది. ఈ ఏడు సరిపోయింది. ఊరికి పంపేముందు దాన్ని షాపుకి తీసుకెళ్ళి, అందరి కోట్లతో పాటు ఉతుక్కి వేసింది. పనివాళ్ళ బట్టలకి చీటీలుండవు, గుర్తుకి ఒక దారం కడితే చాలు. కానీ చెయ్యి ఊరుకోలేదు. జేబులు చూసింది, చీటీ తీసింది, ఒక ముక్క చిన్న మెడ పట్టీకి గుచ్చింది, రెండో ముక్క చింపింది. చింపి ఇవ్వబోయి చూస్తే ఎదురుగా ఎవరూ లేరు. తెచ్చింది తనే. ఏం చెయ్యాలో తోచక తన కోటు జేబులో పడేసుకుని ఇంకో కోటు అందుకుంది.

బస్టాండులో బుడంకాయ ఏడవలేదు. మేనత్త చంకలోంచి బస్సు చక్రాలకేసి చూస్తూ ఉంది. ఎక్కేముందు కిందకి దిగుతానని గోల చేసి, పక్కన కాలవలోంచి ఒక ఆకు తీసి, తల్లి జేబులో పెట్టి, రెండుసార్లు తట్టి, మళ్ళీ మేనత్త దగ్గరికి వెళ్ళిపోయింది. బస్సు కదిలింది. లిఫ్టాయన మలుపు తిరిగేదాకా చెయ్యి ఊపుతూనే ఉన్నాడు. ఆమె కూడా ఊపింది. ఇంటికొచ్చి జేబు దులిపేసింది. ఆకు పడింది, చీటీ ముక్క లోపల కుట్టుకి పట్టుకుని ఉండిపోయింది.

ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. సోఫా కింద బూట్లు లేవు. ఆమె హాయిగా నిద్రపోయింది. పొద్దున టీ వేడిగా ఉండగానే తాగింది. అంతవరకూ బాగుంది. బాగుండటమే బాగాలేదని తెలుసు కాబట్టి ఆమె బెంగ కోసం చూడటం మొదలుపెట్టింది. లిఫ్టు బటన్ నొక్కి పైన లైటుకేసి చూస్తూ నిలబడ్డట్టు రోజూ కాసేపు అలా నిలబడేది. చిన్న మంచం దగ్గర నిలబడింది. పాలసీసా కడిగి బోర్లించింది. దిండు వాసన చూసింది. దిండు వాసనే వచ్చింది.

బెంగంతా లిఫ్టాయనకే పుట్టింది. రొట్టె నిలబడే తినేవాడు. రబ్బరు బాతు కాలికి తగిలితే తీసి కిటికీలో పెట్టి దానికేసి చూసేవాడు. ఆదివారం వెళ్ళి కూతుర్ని చూసొచ్చాడు. బాగా తింటోందనీ, అత్త అనడం వచ్చిందనీ చెప్పాడు. తీసుకురాలేదేమని ఆమె అడగలేదు, మాట ఇచ్చింది తనే కాబట్టి. అతను రోజూ సాయంత్రం తలుపు తీసి ముందు ఆమె ముఖంలోకి చూసేవాడు. ఇంకా రాలేదా అని ఆ చూపు. ఆమె తల అడ్డంగా ఊపేది. అతను బూట్లు విప్పుకునేవాడు. ఇలా రోజులు వెళ్ళిపోతున్నాయి, చెట్లు సగానికి పైగా బోసిపోయాయి.

ఒక మధ్యాహ్నం షాపుకి ఒకాయన వచ్చాడు. ముక్కు ఎర్రగా ఉంది, పల్చటి చొక్కా మీద మఫ్లరొకటి చుట్టుకున్నాడు. ఎప్పుడో ఎండలు రాకముందు కోటు ఇచ్చానన్నాడు. ఏ రంగని అడిగింది జేబులమ్మ. గుర్తులేదన్నాడు. నల్లది కావచ్చు, లేకపోతే ముదురు నీలం. పొడుగుదా పొట్టిదా అంటే నడుము దగ్గర చెయ్యి పెట్టి ఇక్కడిదాకా అని ఒకసారి, మోకాలి దగ్గర పెట్టి ఇక్కడిదాకా అని ఒకసారి చూపించాడు. నిజం చెప్పాలంటే కోటు ఉందన్న సంగతే మర్చిపోయాననీ, పుస్తకంలో చీటీ కనబడితే వచ్చాననీ అన్నాడు. ఇస్త్రీ అక్క ఆవిరిలోంచి, అయ్యా తమరికి పెళ్ళయిందా, అదైనా గుర్తుందా అంది. ఆయన నవ్వి చీటీ ఇచ్చాడు.

ఆమె నంబరు చూసి వెనక కమ్మీ మీద వెతికి తెచ్చింది. నల్లదీ కాదు నీలమూ కాదు, బూడిద రంగుది. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు, పరాయివాళ్ళ కోటు చూసినట్టు. ఇదేనా నాది అన్నాడు. తొడుక్కున్నాడు. భుజాలు సరిపోయాయి, చేతులు సరిపోయాయి. బొత్తాలు పెట్టుకుని, కాలరు పైకి లాక్కుని, చలిలోకి వెళ్ళిపోయాడు.

ఆమె ఆ తలుపుకేసి చూస్తూ నిలబడిపోయింది. వెనక మూడు కోట్లు జేబులు చూడకుండా పడున్నాయి. జేబులమ్మ ఖాళీగా నిలబడటం ఇస్త్రీ అక్క ఎప్పుడూ చూడలేదు.

"ఏమైందే?"

"రంగు కూడా గుర్తులేదు అక్కా ఆయనకి. ఒక్కసారి కూడా తల్చుకుని ఉండడు. అంత పట్టింపు లేనివాడికి ఎలా ఇచ్చేశాం?"

"చీటీ తెచ్చాడు, ఇచ్చాం," అంది ఇస్త్రీ అక్క. "నీకు దీనిమీద ప్రేముందా, రోజూ తల్చుకున్నావా అని అడుగుతామా ఏంటి మనం? చలేసింది, వచ్చాడు, తీసుకెళ్ళాడు. రానివాళ్ళవే ఆ కమ్మీ మీద ఉండిపోతాయి."

అని ఇస్త్రీ కిందకి దించింది. ఆవిరి మళ్ళీ ఆవిణ్ణి కప్పేసింది. ఆమె మాత్రం వెనక గదిలోకి వెళ్ళి కమ్మీ ముందు నిలబడింది. పోయినేడువి, అంతకుముందేడువి, శుభ్రంగా, ఇస్త్రీ చెడకుండా, మెడ దగ్గర ఒక ముక్క గుచ్చుకుని వేలాడుతున్నాయి. వాటి తప్పేం లేదు. చెయ్యి దానంతటదే వెళ్ళి తన కోటు జేబులో దూరింది. అడుగున, కుట్టు దగ్గర, కాగితం ముక్క తగిలింది.

మర్నాడు సెలవు పెట్టింది. లిఫ్టాయనకి చెప్పింది, బుడంకాయని తేవడానికి వెళ్తున్నానని. అతని ముఖం వెలిగింది. బెంగ పుట్టిందా అన్నాడు. లేదని చెప్పింది. అతనికి అర్థం కాలేదు గానీ, రబ్బరు బాతుని తీసి ఆమె సంచిలో పెట్టాడు.

బస్సులో కూర్చున్నంతసేపూ ఆమెకి ఏమీ అనిపించలేదు. పొలాలు పోయాయి, గోడౌన్లు పోయాయి, ఒక నది పోయింది. తలుపు తీసిన వదిన ముందు కంగారుపడింది, ఏదైనా జరగరానిది జరిగిందేమోనని. తర్వాత ఆవిడ కళ్ళు చెమర్చాయి.

"బెంగ పెట్టుకున్నావా అమ్మాయ్?"

"లేదు వదినా. బెంగ రాలేదు," అంది ఆమె. "అందుకే వచ్చాను. అదొచ్చేదాకా ఆగితే నేనెప్పటికీ రాను."

పిల్ల ఇక్కడ నవ్వుతోందనీ, ఏడుపు తగ్గిందనీ, ఇంకొన్నాళ్ళు ఉంచమనీ చెప్పాలని వదినకి నాలుక చివరిదాకా వచ్చింది. ఆవిడకీ ఆ ఇల్లు నిండుగా ఉండటం అలవాటైపోయింది మరి. ఆమె అప్పటికి జేబులోంచి చీటీ ముక్క తీసి పట్టుకుని ఉంది. ఎందుకు తీసిందో తనకే తెలీదు, కౌంటరు దగ్గర అందరూ అలాగే కదా నిలబడేది. వదిన ఆ ముక్కకేసి చూసింది. గోడకి తగిలించిన ఇటిక రంగు కోటుకేసి చూసింది. దాని మెడకి పిన్నీసుతో ఇంకో ముక్క ఉంది, ఏదో ఉతుకు షాపు గుర్తేమోనని ఆవిడ తియ్యకుండా వదిలేసింది. దగ్గరికెళ్ళి నంబరు చదివింది. కోటు తీసి, దాని చేతులు దులిపి, తెచ్చి ఇచ్చింది.

బుడంకాయ తోటలోంచి వచ్చి తల్లిని చూసి గుమ్మంలో ఆగింది. పరుగెత్తుకు రాలేదు. దాని తప్పేం లేదు. కోటు తొడుగుతుంటే మాత్రం చేతులు తనే చాపింది.

తిరుగు ప్రయాణంలో తల్లి ఒళ్ళో కూర్చుని కిటికీకేసి చాలాసేపు చూసింది. బస్సు నది దాటాక దానికేదో గుర్తొచ్చినట్టుంది. తల్లి కోటు జేబులో చెయ్యి దూర్చింది. మోచేతిదాకా. వెతికింది. చెయ్యి తీసి, అటువైపు వంగి, రెండో జేబులో దూర్చింది. ఆ ఆకురాలు కాలమంతా పెట్టినవన్నీ అక్కడుండాలి దాని లెక్కలో. ఒక్కటీ లేదు. ఖాళీ చేతులు రెండూ పైకి తిప్పి తల్లి ముఖంలోకి చూసింది.

"ఆకు?"

గాలికి పోయాయని చెప్పొచ్చు. పిట్ట ఎత్తుకుపోయిందని చెప్పొచ్చు. రెండేళ్ళు నిండని పిల్లకి ఏం చెప్పినా చెల్లుతుంది. ఊళ్ళోవాళ్ళ జేబుల్లో దొరికిన చిత్తుకాగితాన్ని కూడా కవర్లో పెట్టి ఇచ్చే మనిషి ఆమె.

"పారేశాను," అంది. "అమ్మే పారేసింది."

అప్పుడు నొప్పెట్టింది. పెద్దది కాదు, పక్కటెముకల కింద ఎక్కడో సూదులు గుచ్చినట్టు, వచ్చి పోకుండా అక్కడే ఉంది. పేగు కదలడమంటే ఇదేనో కాదో ఆమెకి తెలీదు. బాగాలేదు. పోతే బాగుండునని మాత్రం అనిపించలేదు.

బుడంకాయ ఆ జవాబు గురించి కాసేపు ఆలోచించింది. తర్వాత తన కోటు జేబులోంచి, అత్త తోటలో ఏరుకున్నది, నలిగి పొడవుగా చుట్టుకుపోయిన ఆకొకటి తీసింది. తల్లి జేబులో అడుగుదాకా దూర్చి, చీటీ ముక్క పక్కన పెట్టింది. రెండుసార్లు తట్టింది. తట్టి, ఆకు జారిపడకుండా తల్లి చెయ్యి తీసుకుని జేబు మీద పెట్టి, నిద్రపోయింది.

ఆమె దిగేదాకా ఆ చెయ్యి తియ్యలేదు. ఇంటికెళ్ళాక కోటు అలాగే కొక్కేనికి తగిలించింది, జేబు దులపకుండా.